బాబాయి బొటనవేలు

ఎక్కడ సైకిలు కనబడినా దాని టైరును బొటనవేలితో నొక్కి చూడనిదే బాబాయి అడుగు ముందుకు వేసేవాడు కాదు. అది ఎవరి సైకిలన్నది ఆయనకు అనవసరం. సినిమాహాలు స్టాండులో నొక్కాడు, పోలీసుస్టేషను ముందు నొక్కాడు. ఒకసారి ఆస్పత్రికి ఎవరినో పలకరించడానికి వెళ్లి, మంచీచెడూ అడక్కుండానే వంగి చక్రాల కుర్చీ నొక్కి, "గాలి తక్కువుంది" అన్నాడు. అందులో కూర్చున్న పెద్దాయన కంగారుపడి లేచి నిలబడ్డాడు. ఆయన లేచి నిలబడటం నెలరోజుల్లో అదే మొదటిసారట.

వృత్తికి దర్జీ. కొలతలు తీసుకునేటప్పుడు కూడా చూపు కిటికీ బయటే ఉండేది. "ఛాతీ ముప్పై ఎనిమిది. వెనక టైరు అరిగింది, మార్చండి" అనేవాడు.

ఆయన అన్నకూతురికి ఊరి బయట ఆరోగ్యకేంద్రంలో నర్సు ఉద్యోగం వచ్చింది. పదకొండు కిలోమీటర్లు. మొదటి నెలలోనే రెండుసార్లు పంక్చరై ఆలస్యంగా వెళ్లింది. "ఇంకొక్కసారి ఆలస్యమైతే మళ్లీ రానక్కర్లేదు" అంది డాక్టరమ్మ. ఆ సాయంత్రమే ఆ అమ్మాయి సైకిలు నడిపించుకుంటూ బాబాయి కొట్టుకు వచ్చింది.

"వేగంగా పోవాలి, పంక్చరు కాకూడదు. అలాంటి టైర్లు రెండు చూడు బాబాయ్."

బాబాయి కత్తెర కింద పెట్టాడు. "సన్నవి వేగంగా పోతాయి, నాలుగు నెలలు ఉండవు. లావువి పదేళ్లు ఉంటాయి, నువ్వు చేరడానికీ పదేళ్లు పడుతుంది."

"మధ్యరకం ఉండదా?"

"అదే వెతకాలి. తొందరపడకూడదు."

"రేపు డ్యూటీ ఉంది."

"నా సైకిలు తీసుకెళ్లు. నీది ఇక్కడుంచు."

బాబాయి సైకిలు తొక్కడమంటే మంచాన్ని తొక్కుకుంటూ పోవడమే. అరగంట ముందు బయలుదేరితే గానీ సమయానికి చేరేది కాదు. రోజూ సాయంత్రం వచ్చి, "తేలిందా?" అని అడిగేది. బాబాయి టేపుతో టైరు మందం కొలిచి, సుద్దముక్కతో గీత పెట్టి, బొటనవేలితో నొక్కి, "ఇంకా లేదు" అనేవాడు.

రెండు వారాలు గడిచాయి. ఐదు వారాలయ్యాయి. సైకిలు షాపతను కొత్త చొక్కాలో ఎదురుపడ్డాడు.

"ఇది నాలుగోదమ్మా. మీ బాబాయి టైర్ల జత వాడి చూసి వెనక్కి ఇచ్చినప్పుడల్లా ఒక చొక్కా కుట్టిపెడుతున్నాడు. ఇప్పుడప్పుడే తేల్చొద్దని చెప్పు."

ఆమెకు ఒళ్లు మండింది. సరాసరి కొట్టుకు వెళ్లింది. "టైర్లు చూస్తున్నావా, పెళ్లి సంబంధం చూస్తున్నావా?"

"సంబంధమైతే ఇంత పట్టదు" అన్నాడు బాబాయి, సూదిలో దారం ఎక్కిస్తూ.

ఆమె విసురుగా తిరగడంతో తెల్లకోటు గుండీ ఒకటి తెగి పడింది. కుట్టుకుందామని అరలో ఉన్న రేకుడబ్బా మూత తీసింది. అందులో గుండీలు లేవు. నిండా మేకులు, వంకర మొలలు, గాజుపెంకులు. పైన తాడు కట్టిన అయస్కాంతం. కింద పడ్డ గుండుసూదులు ఏరడానికి బాబాయి వాడేది అదే.

"గుండీలు పక్క డబ్బాలో ఉన్నాయే" అంది కాజాలు కుడుతున్న పిన్ని. "అవి నీ దారివి."

"నా దారివేమిటి?"

"నాలుగింటికే లేచి నీ సైకిలేసుకుని వెళుతున్నాడు. నీ బరువుండాలని వెనక ఇస్త్రీపెట్టె, గుడ్డపీలికల మూట కడతాడు. ఆ అయస్కాంతం ఈడ్చుకుంటూ వెళ్లొస్తాడు. చెక్కపెట్టెల కార్ఖానా ముందైతే దిగి మరీ ఏరతాడట."

ఆమె కోపం ఎటు పోయిందో తెలియలేదు. బాబాయి మాత్రం తన బాధలో తానున్నాడు. "ఐదు జతలు చూశాను. ఒక్కటీ పంక్చరు కాలేదు. అన్నీ గట్టివే అయితే దేన్ని ఎంచను?"

"మేకులన్నీ నువ్వే ఏరేస్తే పంక్చరు ఎలా అవుతుంది బాబాయ్?"

బాబాయి చేతిలో సూది ఆగింది. ఐదు వారాలుగా ఆ సంగతి ఆయనకు తట్టనే లేదు. డబ్బా మూత బిగించాడు.

"కనబడ్డాక వదిలేసి రమ్మంటావా? వెనకాల నువ్వొస్తావుగా" అన్నాడు.

మర్నాడు ఆమె షాపుకు వెళ్లి అన్నిటికన్నా సన్నటి జత వేయించుకుంది. "ఇవి పందేల టైర్లమ్మా, మేకు తగిలిందా, అంతే" అన్నాడు షాపతను.

"తగలదు లెండి" అందామె.

ఆ తర్వాతి రోజు పొద్దున ఆరోగ్యకేంద్రానికి ఇరవై నిమిషాలు ముందే చేరింది. తలుపులు తీయలేదు. డాక్టరమ్మ కారు దిగి, ఎప్పుడొచ్చావని అడగబోయి ఆగిపోయింది. నర్సు వంగి కారు ముందు టైరును బొటనవేలితో నొక్కుతోంది.

"గాలి తక్కువుందండీ" అంది.