గుడ్లగూబ నెత్తిన చుక్కలు

అరవైల చివర్లో విజయనగరం గంటస్తంభం దగ్గర నాకు ఫోటో స్టూడియో ఉండేది. మా మేనత్త కొడుక్కి కోట వెనక ఇంకో స్టూడియో. నాకన్నా రెండేళ్ళు చిన్న, అయినా మా చెల్లి మొగుడు కాబట్టి బావ. కెమెరాలో ఫిల్ము ఎక్కించడం వాడికి నేనే నేర్పాను, నేర్పిన మర్నాటి నుంచే వాణ్ణి చూసి కుళ్ళుకున్నాను. వాడి ముందు కూర్చుంటే ఏడ్చే పిల్లలు నవ్వేవారు. నా ముందు కూర్చుంటే నవ్వే పిల్లలు బిక్కమొహం పెట్టేవారు.

నాకున్న గొప్పంతా టచింగులోనే. పెళ్ళివారికి పంపే ఫోటోల్లో అమ్మవారి మచ్చలు మాయం చేయాలంటే నా దగ్గరికే రావాలి. నెగెటివు మీద మచ్చ ఉన్నచోట సూదిలా చెక్కిన పెన్సిలుతో చుక్క పెడితే, ప్రింటులో అక్కడ తెల్లబడుతుంది. ఆ చుక్క పెట్టడం మా బావకి చేతకాదు. అదొక్కటే నాకు ఊరట.

కాలేజీలో జంతుశాస్త్రం చెప్పే లెక్చరరు గారొకాయన నా దగ్గరే ఫిల్ములు కొనేవారు. ఒక చైత్రమాసంలో ఆయన సాలూరు అడవిలో ఒక గుడ్లగూబని చూశానన్నారు. అది పగటిపూట తిరుగుతుందట. మామూలు గుడ్లగూబకి నెత్తి నిండా తెల్లచుక్కలుంటాయి, దీనికి ఉండవు. మన ముత్తాతల కాలం తర్వాత అది ఎవరికీ కనబడలేదట.

"ఫోటో ఉంటే తప్ప నమ్మరయ్యా. నాకు చేతులు వణుకుతాయి, కళ్ళలో శుక్లాలు. మీరు తీయండి. బొంబాయి పత్రికలో తీసినవాడి పేరు వేయిస్తాను" అన్నారు.

నా పేరు ఇంగ్లీషు అక్షరాల్లో ఎలా ఉంటుందో ఆ సాయంత్రమే రాసి చూసుకున్నాను. తీరా వెళ్ళే రోజు తెల్లారి జీపు వచ్చేసరికి అందులో మా బావ కూర్చుని ఉన్నాడు. "ఒకరికి గురి తప్పితే ఇంకొకరు ఉంటారని" అన్నారు లెక్చరరు గారు. నేను వెనక సీట్లో వాడికి దూరంగా జరిగి కూర్చున్నాను. వాడు మాత్రం గజపతినగరం దాటేలోగా డ్రైవరుతో వరస కలిపేశాడు.

అడవిలో ఇప్పపువ్వు వాసన. ఆకు రాలిన టేకు కొమ్మ మీద, బాగా పొద్దెక్కాక, అది కనబడింది. బొద్దుగా, గుప్పెడంత ఉంది. లెక్చరరు గారి కెమెరా ఒక్కటే, మూరెడు లెన్సుతో. పెద్దవాణ్ణని ముందు నాకే ఇచ్చారు. సర్దుకుని, గురి చూసి, ఊపిరి బిగబట్టాను. ఇరవై ఏళ్ళ అలవాటు కదా, గట్టిగా అనేశాను: "రెడీ, కదలకండి!"

అది లేచిపోయి నాలుగు చెట్ల అవతల వాలింది. లెక్చరరు గారు తిట్టలేదు. నా చేతుల్లోంచి కెమెరా తీసుకుని మా బావ చేతికిచ్చారు. ఆ రెండు చేతులూ ఖాళీగా ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలియలేదు. వాడు పిల్లిలా నడిచి వెళ్ళి ఒకే ఒక్కసారి నొక్కాడు. ఆ చప్పుడుకి అది ఎగిరి లోయలోకి పోయింది.

"బొమ్మ పడిపోనాది బావా! నెత్తి నున్నగా ఉన్నాది, నాను సూసినాను" అని గంతులేశాడు. ఒళ్ళు మండిపోయింది నాకు.

ఎండాకాలంలో వాడి రేకుల షెడ్డులో ఫిల్ము కడిగితే పాడైపోయేది. అందుకని నా మట్టిగోడల గదిలో కడిగించుకునేవాడు. ఆ రీలూ నాకే ఇచ్చాడు. కడిగాను. ఎంత బాగా వచ్చిందంటే కళ్ళ చుట్టూ ఉన్న ఈకలు కూడా లెక్కపెట్టొచ్చు. నెత్తి మీద చుక్క లేదు. వాడి పేరు బొంబాయిలో అచ్చవుతుంది.

భూతద్దం పెట్టుకుని పెన్సిలు చెక్కాను. కందిగింజంత తల మీద తొమ్మిది చుక్కలు పెట్టాను. జీవితమంతా మచ్చలు చెరిపినవాణ్ణి, ఆ ఒక్కరోజు మచ్చలు వేశాను.

ప్రింటు చూసి లెక్చరరు గారు కుర్చీలో వాలిపోయారు. "మామూలుదేనయ్యా. నా కళ్ళు మోసం చేశాయి" అన్నారు.

"నేదండీ, నాను సూసినాను, సుక్కల్నేవు" అని మా బావ వాదించాడు. ఆయన ఫోటో చూపించారు. వాడు దాన్ని చాలాసేపు చూసి, "మరైతే నాకేటి అలాగ కనబడినాదో" అని నెమ్మదిగా అన్నాడు. ఏడాది తిరక్కుండా లెక్చరరు గారు పోయారు.

మా బావ ఆ ఫోటోకి ఫ్రేము కట్టించి స్టూడియోలో తగిలించాడు. గుడ్లగూబ బొమ్మ పెట్టుకుంటే అరిష్టమని మా చెల్లి పోరినా తీయలేదు. వచ్చినవాళ్ళందరూ దాన్నే చూసేవారు. "ఆ సుక్కలు సూడండి, ముత్యాల్లాగ ఎలా పడినాయో!" అనేవాడు వాడు. వాళ్ళూ ఆ చుక్కల్నే మెచ్చుకునేవారు. అవి నావి. నా చేతి పనుల్లో అంత సున్నితమైనది ఇంకోటి లేదు. మెప్పు వాడికి పోతోంది, నేను పక్కన నిలబడి తలాడిస్తున్నాను.

రెండేళ్ళకి ప్రింటు వెలిసింది. ఇంకోటి తీసిమ్మన్నాడు. దూది మీద టర్పెంటైను వేసి నెగెటివు మీది పెన్సిలు చుక్కలు తుడిచేశాను. పశ్చాత్తాపం అని రాసుకుంటే బాగుండును. ఆ చుక్కల్ని వాడివని మెచ్చుకోవడం ఇక వినలేకపోయాను, అంతే.

కొత్త ప్రింటు చేతికిచ్చాను. వాడూ ఫోటోలవాడే, విడమరిచి చెప్పే పని లేకపోయింది. నన్ను కొడతాడేమో అనుకున్నాను, కొట్టినా బాగుండేది. గుడ్లగూబ నున్నటి నెత్తిని వేలితో ఒకసారి నిమిరాడు.

"అయితే నాను సూసినది నిజమేనన్నమాట బావా" అన్నాడు. మొహం నిండా సంతోషం.

ఆ సంతోషాన్ని చూసి కూడా నాకు కుళ్ళే పుట్టింది.