మావయ్య మార్చనివ్వని బ్యాటరీ

పొద్దున లేవగానే మావయ్య చేసే మొదటి పని కారు బానెట్ ఎత్తి బ్యాటరీ మీద చెయ్యి వేసి చూడటం. జ్వరం వచ్చిన పిల్లాడి నుదురు చూసినట్టు చూస్తాడు. తర్వాత వేడినీళ్లలో వంటసోడా కలిపి, పాత టూత్‌బ్రష్‌తో టెర్మినళ్ల మీద పేరుకున్న తెల్లటి పొడిని తోముతాడు. తడి తుడిచి వాజలైన్ రాస్తాడు. మూతలు విప్పి డిస్టిల్డ్ వాటర్ చుక్కచుక్కగా పోస్తాడు. ఇంత సేవ చేయించుకుని ఆ బ్యాటరీ చేసే పనేమిటయ్యా అంటే, కారుని స్టార్ట్ చేయకపోవడం.

మారుద్దామంటే మాత్రం ససేమిరా ఒప్పుకోడు. మా మావయ్యకున్న పిచ్చల్లా అదొక్కటే.

చదువుకోసం వాళ్లింట్లో ఉంటూ మేడమీద గదిలో పడుకునేదాన్ని. కిటికీ కిందే షెడ్డు. ఇంకా మంచు తెరలు వీడకముందే “గుర్‌ర్... గుర్‌ర్... టక్” అన్న చప్పుడు తిన్నగా నా కలలోకి వచ్చేసేది. ఒకరోజు అది ఇసుకలో కూరుకున్న పడవ. ఇంకోరోజు గొంతు సవరించుకుని, చెప్పబోయే మాట మరిచిపోయిన ముసలి రాజు. కల తేలిపోయేసరికి ఎదురింటి తలుపు కిర్రుమనేది.

ఎదురింట్లో వాచీల తాతయ్య ఉండేవారు. వాచీలు బాగుచేసేవారు కనుక ఆ పేరు. భార్య పోయాక కొట్టు మూసేసి ఇంట్లోనే ఉండిపోయారు. పాలూ కూరలూ కూడా గుమ్మం దగ్గరికే తెప్పించుకునేవారు. మా కారు గుర్రుమంటే మాత్రం చొక్కా చేతులు మడుచుకుంటూ బయటికొచ్చేవారు.

“ఏమోయ్, మళ్లీనా?”

“మళ్లీనే బాబాయిగారూ. కాస్త ఓ చెయ్యి వేస్తారా?”

“నిన్న దానికేదో నీళ్లు పోశానన్నావు?”

“పోశాను. తాగి పడుకుంది.”

మా వీధి పల్లం. తాతయ్య చెయ్యి ఆనిస్తే చాలు, కారు దానంతటదే దొర్లి మలుపు దగ్గర దగ్గి అందుకునేది. ఆ తర్వాత ఆయన వెంటనే లోపలికి పోయేవారు కాదు. పేపరతనితో కాసేపు, కుక్కపిల్లతో కాసేపు ముచ్చటాడి, ఎండ ముఖాన పడ్డాక ఇంట్లోకి వెళ్లేవారు.

అత్తయ్యకి మాత్రం తల కొట్టేసినట్టుండేది.

“ఏవండీ, మొన్న మా అక్క చేత కూడా తోయించారు. పాపం, హైహీల్స్ వేసుకుని తోసింది!”

“బాగా తోసింది. మీ వాళ్లలో బలముంది.”

“ఆ బ్యాటరీ పారేయండి.”

“ఇన్నాళ్లు పనిచేసినదాన్ని పారేస్తామా?”

“అది పనిచేసిందెప్పుడు?”

మావయ్య ఆఫీసు పనిమీద బస్సులో పొరుగూరు వెళ్లిన రోజున అత్తయ్య మెకానిక్‌ని పిలిపించింది. అతను ముందు నెగెటివ్ వైరు, తర్వాత పాజిటివ్ వైరు విప్పి, పాతదాన్ని పైకెత్తి తెల్లబోయాడు.

“అమ్మగారూ, దీనికి ఎప్పుడో నూరేళ్లు నిండాయి. ఎవరండీ బతికించింది?”

“మా ఆయనే. ఇంక ఆపరేషన్ కానీ.”

రాత్రి పొద్దుపోయి వచ్చిన మావయ్య మర్నాడు పొద్దున బానెట్ ఎత్తకుండానే తాళం తిప్పాడు. కారు ఒక్కసారిగా బుర్రుమంది. ఆయన సీట్లో ఎగిరిపడ్డాడు. చేతులు మడుచుకుంటూ గేటుదాకా వచ్చిన తాతయ్య అక్కడే ఆగిపోయారు.

“ఓహో, బాగైందన్నమాట. మంచిది” అన్నారు. మడిచిన చొక్కా చేతులు విప్పుకుంటూ లోపలికెళ్లి తలుపేసుకున్నారు.

ఆ తలుపు ఆ మర్నాడు తెరుచుకోలేదు. మూడోరోజూ అంతే. మావయ్య అన్నం కెలికి వదిలేస్తుంటే అత్తయ్యకి మండిపోయింది.

“బ్యాటరీ పోయిందని ఇంత దిగులా? నేను పుట్టింటికెళ్లినప్పుడు లొట్టలేసుకుంటూ తిన్నారుగా!”

“దిగులు బ్యాటరీ గురించి కాదే. రండి, కూర్చుని కబుర్లు చెప్పుకుందామంటే బాబాయిగారు రారు. సాయం పట్టమంటే వస్తారు. ఆ మనిషిని గుమ్మం దాటించడానికి నాకు ఇంకో పనేదీ తట్టలేదు.”

అత్తయ్య కంచం ముందు కూలబడింది. “నాతో ముందే చెప్పొచ్చుగా!”

“చెబితే నువ్వు జాలిపడతావు. నీ ముఖంలో జాలి ఆయనకి ఎదురింట్లోంచే కనబడుతుంది.”

మర్నాడు తెల్లవారుతూనే “గుర్‌ర్... గుర్‌ర్... టక్” వినబడింది. కలేమో అనుకున్నాను. కిటికీలోంచి చూస్తే తాళంచెవి అత్తయ్య చేతిలో ఉంది. మావయ్య కారద్దం దించుకుని, బుగ్గలు పూరించి ఆ చప్పుడు నోటితో చేస్తున్నాడు.

“గట్టిగా అనండీ” అంటోంది అత్తయ్య గుసగుసగా. “ఈసారి టక్ మరిచిపోయారు!”

ఎదురింటి తలుపు కిర్రుమంది. తాతయ్య నింపాదిగా వచ్చి కారు కిటికీ మీద మోచేతులు ఆనించారు.

“ఏమోయ్, జన్మంతా టిక్కులూ టక్కులూ వింటూ బతికినవాణ్ణి. ఆ టక్ నీ నాలుకది.”

“అదీ... బాబాయిగారూ...” మావయ్య ముఖం కందగడ్డైంది.

“దిగు, గొంతు పాడవుతుంది. ఇకనుంచి ఊరికే పిలువు, వస్తాను. కారు మాత్రం తొయ్యను. ఈ నడుంనొప్పి ఇంకెన్నాళ్లు ఓర్చుకోమంటావు?”

“నొప్పా? మరి ఇన్నాళ్లూ చెప్పలేదేం?”

“చిన్నబుచ్చుకుంటావని. పైగా నువ్వు రోజూ ఎంతో ఆశగా పిలిచేవాడివి, నీకూ తోడెవరూ లేరేమో అనుకున్నాను.”

మావయ్య దిగివచ్చి ఆయనకి కుర్చీ వేశాడు. అత్తయ్య మూడు కప్పుల టీ తెచ్చి, తనూ పక్కనే కూర్చుంది.

నడుంనొప్పికి ఈత మంచిదని డాక్టరు చెప్పడంతో ఇప్పుడు ఆదివారాలు మావయ్యా తాతయ్యా కలిసి స్విమ్మింగ్‌పూల్‌కి వెళ్లి నేర్చుకుంటున్నారు. ఇద్దరికీ ఇంకా రాలేదు, రావాలన్న తొందరా లేదు.