బీపీ మీదికి నెట్టిన దెబ్బలు

పదేళ్లు తాండూరు గనుల్లో బండలు తీశాను. అప్పట్లో నా నడుము మీద ప్యాంటు నిలిచేది కాదు. తర్వాత ఒక బండల పాలిష్ యూనిట్‌లో సూపర్‌వైజర్‌ని చేసి, రేకుల షెడ్డులో కుర్చీ వేశారు. పని ఆగింది గానీ తిండి ఆగలేదు. గనుల్లో తిన్నట్టే పళ్లెం నిండా అన్నం, నడుమ మిర్చి బజ్జీలు, లారీ డ్రైవర్లతో నాలుగైదు చాయ్‌లు. నాలుగేళ్లలో ఇరవై రెండు కిలోలు పెరిగాను. మెట్లెక్కితే ఆయాసం వచ్చేది, పొద్దున లేస్తే తల బరువుగా ఉండేది. ఆశా కార్యకర్త ఒకసారి చెయ్యికి పట్టీ చుట్టి చూసి, బీపీ చాలా ఉంది, దవాఖానకు పొమ్మంది. నేను పోలేదు. ఆ మాట మాత్రం పట్టుకున్నాను.

ఇంట్లో ఆ మాట బాగా అక్కరకొచ్చింది. పప్పులో ఉప్పు తక్కువైందని గిన్నెను గోడకేసి కొట్టాను. అడ్డమొచ్చిన నా భార్యను చెంప మీద కొడితే కమ్మ చీరుకుని చెవి నుంచి రక్తం కారింది. “నాకు బీపీ లేపొద్దని చెప్పిననా లేదా?” అని అరిచాను. మర్నాడు ఆమె వాళ్ల అక్కతో ఫోన్లో, “మంచోడే అక్కా. బీపీతోని గట్ల చేస్తడు” అంటుంటే విన్నాను. విని ఊరుకున్నాను.

ఆ ఎండాకాలం ఒక మధ్యాహ్నం లారీలో ఎక్కించిన బండలు పగిలాయి. ఎక్కించింది మా వాళ్లే. నేను డ్రైవర్ మీద పడ్డాను.

“జర నిమ్మలంగ మాట్లాడు సార్. మీవోళ్లు ఎక్కిస్తే పలిగినయ్, నన్నెందుకంటవ్?”

“ఎవనికి చెప్తున్నవ్ రా?”

చేతిలో ఉన్న, బండలు కొలిచే ఇనుప పట్టీతో మూతి మీద కొట్టాను. పెదవి చీలింది, పన్ను ఊడి అతని చొక్కా మీద పడింది. రెండోసారి ఎత్తేసరికి అతను రెండు చేతులతో నన్ను నెట్టాడు. గనుల్లో ఉన్నప్పటి ఒళ్లైతే ఒక అడుగు వెనక్కి వేసి నిలబడేవాణ్ని. ఇప్పుడు కాళ్లు ఆపలేకపోయాయి. బస్తాలా వెనక్కి పడ్డాను. బండల అంచుకు తల తగిలి, మెడ మీదికి వేడిగా రక్తం దిగింది. నన్ను ఆటోలో వెయ్యడానికి నలుగురు కావలసి వచ్చారు.

దవాఖానలో ఏడు కుట్లు వేశారు. బీపీ చూసే పట్టీ నా చేతికి చాలక రెండుసార్లు ఊడింది. పెద్ద పట్టీ తెచ్చి చూస్తే రెండొందల పది, నూట ఇరవై. నర్సు నమ్మలేక మళ్లీ చూసింది. అంతే ఉంది. మూడు రోజులు ఉంచుకుని, గుండెకు, కిడ్నీలకు పరీక్షలు చేయించుకొమ్మని వికారాబాద్ పంపారు.

అక్కడ డాక్టరమ్మ కాగితాలన్నీ చూసి నా పొట్ట వైపు చూసింది.

“ఒళ్లు పెరిగినకొద్దీ గుండె మీద పని పెరుగుతది. కడుపుల పేరుకున్న కొవ్వు కిడ్నీలను ఒత్తుతది. అప్పుడవి ఉప్పునూ నీళ్లనూ బయటికి పోనియ్యవు. నరాల్ల రక్తం జోరు పెరుగుతది. ఇట్లనే వదిలేస్తే పక్షవాతమన్న వస్తది, కిడ్నీలన్న పోతయ్. గోలీలు ఆపొద్దు, బరువు తగ్గాలె.”

వెంట వచ్చిన నా భార్య గబగబా అంది: “గోలీలు ఏసుకుంటే కొట్టుడు కూడ తగ్గుతది గదా మేడం? బీపీతోనే కొడతడు.”

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. “బీపీ ఎవ్వలితోనీ కొట్టియ్యదమ్మా. నా దగ్గరికి రోజూ యాభై మంది బీపీవాళ్లు వస్తరు. వాళ్లందరు ఇంట్ల ఆడోళ్లను కొడుతున్నరా? ఆ కోపం నీ భర్తది.”

తిరుగు రైల్లో నా భార్య కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

పది రోజుల తర్వాత ఉప్పు లేని కూర ముందు పెట్టింది. నాకు తెలియకుండానే చెయ్యి లేచింది. ఆమె వెనక్కి తగ్గలేదు. రొట్టెల కర్ర పట్టుకుని లేచింది.

“ఇన్నొద్దులు రోగం అనుకుని పడ్డ. రా, ఇప్పుడు కొట్టు. నీ తల కుట్లన్నీ ఊడదీస్త.”

ఆమె కళ్లు నా మీంచి కదల్లేదు. నిజంగానే కొడుతుందని అర్థమైంది. భయమేసింది. ఆ భయం వెనకే సిగ్గు. కూర్చుని ఆ చప్పిడి కూర తిన్నాను.

తర్వాత డ్రైవర్‌ని వెతుక్కుంటూ పోయి క్షమించమన్నాను. “నీ తల దెబ్బ మానింది సార్. నేను ఇప్పటికీ గట్టిది నమలలేను” అని లారీ ఎక్కి వెళ్లిపోయాడు.

రోజూ పొద్దున్నే గంట నడుస్తున్నాను. పదమూడు కిలోలు తగ్గాను. రెండు గోలీల్లో ఒకటి ఆపేశారు. చెయ్యి మళ్లీ లేవలేదు. కానీ మొన్న అటక మీది డబ్బా అందుకుందామని చెయ్యి పైకెత్తితే, పక్కన చపాతీలు చేస్తున్న నా భార్య గభాలున తల వంచి చెవి మూసుకుంది. తర్వాత ఏమీ జరగనట్టు పిండి ముద్ద తీసుకుంది. నేను డబ్బా అక్కడే వదిలేసి బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాను.