సొరంగంలో గున్నమ్మత్తయ్య

మా గున్నమ్మత్తయ్య పగలంతా సొరంగంలో ఉంటుంది. ఎవరు ఫోన్ చేసినా, ఎవరు తలుపు తట్టినా మా ఇంట్లో ఒకటే జవాబు: "సొరంగంలో ఉంది, పైకొచ్చాక చెప్తాం."

ఆ సొరంగం ఆవిడ ఫోన్లో ఉంటుంది. తెర మీద తొమ్మిది ముక్కలు. మధ్య ముక్కలో కత్తి పట్టుకున్న వీరుడు, వాడికి ఎంత ప్రాణం మిగిలిందో చెప్పే ఒక అంకె. చుట్టూ దెయ్యాలు, మందు సీసాలు, కత్తులు, వాటికీ అంకెలే. ఎప్పుడూ పక్క ముక్క మీదికే జరగాలి. అయిదు అంకె ఉన్న దెయ్యాన్ని కొడితే అయిదు ప్రాణాలు పోతాయి, మందు తాగితే కొన్ని తిరిగొస్తాయి. ఒక అంతస్తు దాటితే ఇంకో అంతస్తు. ఆట అంతే. నాలుగేళ్ళ పిల్లకి కూడా అర్థమవుతుంది. అత్తయ్య మాత్రం ఒక్కో ముక్క జరపడానికి పెళ్లి సంబంధం ఖాయం చేసినంత ఆలోచిస్తుంది.

ఆవిడ మా ఆయన ధర్మేంద్రకి పెద్దమ్మ. అరవై రెండేళ్ళు. ఊళ్ళో పొలం కౌలుకిచ్చేసి, మా నాలుగేళ్ళ కూతురు తన్మయిని చూసుకోవడానికి రాజాం వచ్చి మా దగ్గరే ఉంటోంది.

ఒకరోజు ఆ పొలం కౌలుకి చేసే గంగులు నెత్తిన బియ్యం బస్తాతో గుమ్మంలో నిలబడ్డాడు.

"అప్పా, ఎక్కడ దించమంటావు?" అన్నాడు, అక్క వరసలో.

"ఆగు. నాలుగో అంతస్తులో ఉన్నాను."

గంగులు బస్తాతోనే వంగి ఫోన్లోకి చూశాడు. "ఎడం పక్కకెల్లిపో అప్పా."

"అక్కడ తొమ్మిది దెయ్యం ఉన్నాది, కనపడ్డం నేదేటి?"

"అయితే కుడికెల్లు."

"కుడికెల్తే మందు సీసా దూరమైపోతాది. ఒరే గంగులూ, నీకు పేనం ఎంతున్నాది?"

"అయిపోతన్నాది."

"అలాగైతే దించీ."

బజారులోనూ ఇదే వరస. మా దూరపు చుట్టం ధనలక్ష్మి ఎదురైతే అరగంట కదలనివ్వదు. ఆవిడ ఇంకా వీధి మలుపులో ఉండగానే అత్తయ్య నా చెయ్యి పట్టుకుని ఉల్లిపాయల కొట్టు వెనక్కి లాగేసింది.

"అది ఏడు. మనిద్దరికీ కలిపి అయిదు."

"పలకరిస్తే ఏమవుతుందత్తయ్యా?"

"ఎదురెల్లడం గొప్పేటి కాదు, ఓలమ్మీ. సోడా తాగినాక పలకరిద్దాం."

నా సంగతీ చెప్పాలి. నేను కెమిస్ట్రీ చదివాను. తన్మయి తాగిన పాలు మిల్లీలీటర్లలో, తిన్న అన్నం ముద్దల్లో నోటుబుక్కులో రాస్తాను. మధ్యాహ్నం పూట దాని రికార్డు ఏడు ముద్దలు, అదీ గంటన్నరకి. అలాంటి నాకు బొబ్బిలిలో ఒక కాలేజీ నుంచి పిలుపొచ్చింది. శుక్రవారం డెమో క్లాసు, నచ్చితే సోమవారం నుంచి ఉద్యోగం. నాలుగేళ్ళుగా ఎదురుచూసిన పని. చేరాలంటే రోజంతా పిల్లని సొరంగంలో ఉండే మనిషికి వదిలెయ్యాలి.

"అత్తయ్యా, పాప చేతికి ఫోను ఇవ్వకూడదు."

"ఇవ్వను."

"మీరు ఆడుతుంటే అది చూడకూడదు."

"సూడదు."

"పోనీ, మీరు కూడా మానేస్తే..."

"అది కుదరదమ్మా. నాను ఏడో అంతస్తు దాటాల."

ధర్మేంద్రకి మొరపెట్టుకున్నాను. "నన్ను పెంచింది మా పెద్దమ్మే. నేనేమైనా పాడైపోయానా?" అన్నాడు. 

శుక్రవారం క్లాసు బాగా జరిగింది. సోమవారం వచ్చెయ్యమన్నారు. రెండింటికల్లా రాజాంలో బస్సు దిగి, తలుపు తట్టకుండా కిటికీలోంచి తొంగి చూశాను. పరీక్ష చెయ్యకుండానే ఫలితం రాసుకుని వచ్చాను: ఇద్దరూ ఫోన్లో మునిగి ఉంటారు, నేను ఉద్యోగం వద్దని చెప్పేస్తాను.

ఫోను అలమర మీద ఛార్జింగులో ఉంది. నేల మీద తొమ్మిది ముక్కలున్నాయి, పాత శుభలేఖలు కత్తిరించి చేసినవి. వాటి మీద పెన్నుతో దెయ్యాలు, సీసాలు, అంకెలు. తన్మయి ముందు చింతపిక్కలు.

"ఎదరకెల్తే ఆరు దెయ్యం. నీకాడ నాలుగు పిక్కలే ఉన్నాయి. ఏటి సేస్తావు?"

తన్మయి గడ్డం కింద చెయ్యి పెట్టుకుని ఆలోచించింది. "మందు తాగుతాను నానమ్మా."

అత్తయ్య దాని నోట్లో పెరుగన్నం ముద్ద పెట్టి, మూడు పిక్కలు ముందుకి తోసింది. గిన్నె అడుగు కనిపిస్తోంది.

నేను లోపలికి వెళ్ళాను. "ఇదేంటత్తయ్యా?"

"నువ్వు ఫోను ఒద్దన్నావు, ఆట ఒద్దన్నేదు కదా. మొన్నామధ్య ఎవరి ఫోన్లోనో సూసి, ఆ ఆటే కావాలని మన తన్మయి గుంట వారం రోజులు ఏడ్చింది. ఆట ఫోన్లోంచి బయటికి తియ్యాలంటే ముందు నాకు రావాల కదా."

"మరి ఇప్పటికీ పగలంతా ఎందుకు ఆడుతున్నారు?"

"అది తెలివైన గుంట. నిన్నటి సొరంగం ఇయ్యాల ఒప్పుకోదు. కొత్త దెయ్యాలు ఎక్కడ్నించి తెస్తాను?"

ముక్కల్లో ఒక దెయ్యానికి కళ్ళజోడుంది. చేతిలో నోటుబుక్కు. పక్కన తొమ్మిది.

"ఇదెవరు?"

అత్తయ్య నేల మీది పిక్కలు సర్దడం మొదలుపెట్టింది. చివరికి తన్మయి, "నువ్వే," అంది.

"తొమ్మిదా?"

"గుంట పది ఏసింది. నానే ఒకటి తగ్గించినాను," అంది అత్తయ్య.

తన్మయి నా మొహం చూసి గబగబా ఆ ముక్క తిరగేసింది. వెనకాల మందు సీసా బొమ్మ. "పొద్దున్న బస్సెక్కితే దెయ్యం. సాయంత్రం దిగితే మందు. నానమ్మ చెప్పింది."

"ఇక్కడ అంకె లేదేంటమ్మా?"

"అది తాగితే అన్ని పిక్కలూ నావే."

నేను అక్కడే నేల మీద కూర్చుండిపోయాను. అత్తయ్య గిన్నెలో మిగిలిన ఆఖరి ముద్ద నా నోట్లో పెట్టి, నా అరచేతిలో చింతపిక్కలు లెక్కపెట్టడం మొదలుపెట్టింది.

"సోమవారం పొద్దున్న బస్సులో సీటు దొరకదు. బొబ్బిలి దాకా నిలబడాల. ఎనిమిది ఉంచుకో."