తొట్టి మూతి కొలిచిన సెలీనా

చెన్నైలో పెరంబూరు పక్కనున్న ఒక చిన్న వర్క్‌షాపులో సెలీనా పద్నాలుగేళ్లుగా లేతు మిషను నడుపుతోంది. మిషను కింది తొట్టిలో, లోహం కోసేటప్పుడు వేడి తగ్గించే కూలెంటు నీళ్ల మీద నూనె మీగడలా పేరుకుని కుళ్లు కంపు కొట్టేది. ఆ నీళ్లు తగిలి ఆమెకు మోచేతుల దాకా దద్దుర్లు లేచాయి. మూడేళ్లు మొత్తుకున్నాక మేనేజరు సుందరరామమూర్తి నూనె తీసే యంత్రం ఒకటి తెప్పించాడు. పళ్లెమంత చక్రం తిరుగుతూ నూనెను అంటించుకునే రకం అది. తీరా చూస్తే తొట్టి మూతి జానెడు కూడా లేదు. చక్రం లోపలికి దిగనే లేదు.

"నువ్వు సరిగ్గా పెట్టడం లేదమ్మా," అన్నాడాయన.

సెలీనాకు ఒళ్లు మండిపోయింది. "దినామూ ఈడ చేతులు పెట్టేది నేను సార్. కొనేముందు మూతి ఎంతుందని ఒక్క మాట అడిగినారా? టి. నగర్ బజారులో చీర కొన్నా పట్టుకుని చూస్తాం కదా!"

ఆమె స్కేలు తెచ్చి అందరి ముందే మూతి, లోతు కొలిచి కాగితం మీద రాసిచ్చింది.

"సన్న బెల్టు రకం తెప్పించండి. అది నిలువుగా దిగుతుంది, నీళ్లు తగ్గినా నూనెను అందుకుంటుంది."

బెల్టు వచ్చిన వారానికే కంపు పోయింది. నెల తిరక్కుండా దద్దుర్లు తగ్గుముఖం పట్టాయి. తనిఖీకి వచ్చినవాళ్లకు మేనేజరు దాన్ని గర్వంగా చూపించాడు.

"మేమే బాగా ఆలోచించి ఎంచుకున్నాం."

సెలీనా మిషను ఆపేసింది. "మేమంటే ఎవరు సార్? పేరు చెప్పండి."

ఆయన నసుగుతూ ఆమె పేరు చెప్పేదాకా మిషను మళ్లీ తిరగలేదు.