జర్మనమ్మకు వచ్చిన ట్రంక్ కాల్

జర్మనీలో గోడ తెరుచుకున్న ఏడాది నేను ధర్మవరంలో ఉన్నాను. హైదరాబాదులో హాస్టల్ వార్డెన్‌తో గొడవపడి, ఆవిడ టేబుల్ మీదున్న పూలకుండీని కిటికీలోంచి విసిరేసినందుకు నాయన నన్ను తీసుకొచ్చి పెద్దనాయన ఇంట్లో దింపిపోయారు. "ఆడ కొన్నాళ్ళుంటే దీని కోపం తగ్గుతాదిలే" అన్నారట. ధర్మవరం ఎండలో ఎవరికైనా కోపం ఎలా తగ్గుతుందో నాకు ఇప్పటికీ తెలియదు.

పెద్దనాయనది పట్టుచీరల వ్యాపారం. ముందు గదిలో కొట్టు, వెనక రేకుల షెడ్డులో మగ్గాలు. కొట్టులో ఒక నల్లటి ఫోన్ ఉండేది. వీధి మొత్తానికీ అదొక్కటే. ఎలాగూ నేను దాన్ని వదిలేలా లేనని, దాన్ని చూసుకునే పని నాకే అప్పగించారు. పొడవాటి వైరు వేయించుకుని ఫోన్‌ని వాకిట్లోకి, వంటింటి గడప దాకా లాక్కెళ్ళేదాన్ని. ఒక చేత్తో దోసె తింటూ ఇంకో చేత్తో రిసీవర్ పట్టుకుని హైదరాబాదు స్నేహితురాళ్ళతో వాదించేదాన్ని.

"ఏమ్మే, అది నీ చెవికి అతుక్కోనుండాదా?" అనేది పెద్దమ్మ.

ఆ వీధిలో ఒక పద్ధతి ఉండేది. దూరం నుంచి ట్రంక్ కాల్ వస్తే గొంతు సన్నగా, నీళ్ళలోంచి వచ్చినట్టు వినిపించేది. మగ్గాల చప్పుడులో ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. అందుకని ఫోన్ మోగగానే నేను వాకిట్లోకి వచ్చి "ట్రంక్ కాల్!" అని అరిచేదాన్ని. వెంటనే మా షెడ్డులో మగ్గాలు ఆగిపోయేవి. తర్వాత పక్కింట్లో, ఆ తర్వాత ఎదురింట్లో, అలా వీధి చివరి దాకా. కాల్ ఎవరికన్నది ఎవరూ అడిగేవాళ్ళు కాదు. మాట్లాడడం అయ్యాక "అయిపోయింది" అని అరిస్తే మళ్ళీ మొదలుపెట్టేవాళ్ళు.

నాకు రోజూ గొడవ పడడానికి అనంతపురం ఎక్స్‌చేంజి ఆపరేటర్ ఒకాయన దొరికాడు. మొహం ఎప్పుడూ చూడలేదు.

"లైన్లు ఖాళీ లేవమ్మా."

"మీ లైన్లు ఎప్పుడు ఖాళీగా ఉంటాయండీ, మీరు అన్నం తినేటప్పుడా?"

"యాడ తిననిస్తాండావు? అన్నం కాడ కూడా నీ కాలే గదమ్మా."

ఠపీమని పెట్టేసేదాన్ని. ఐదు నిమిషాల్లో మళ్ళీ చేసేదాన్ని.

జర్మనమ్మ మా మిద్దె మీద గదిలో అద్దెకుండేది. ముప్పై దాటి ఉంటాయి. పట్టు నేత నేర్చుకోవాలని వచ్చి, మా షెడ్డులో ముసలి నేతగాడి దగ్గర కూర్చునేది. ఆయన్ని అందరిలాగే నేనూ తాతా అనేదాన్ని. ఆమె తెలుగు అంతా ఆయన దగ్గర నేర్చుకున్నదే. నాకంటే బాగా సీమ మాట మాట్లాడేది.

ఆమె పుట్టింది తూర్పు జర్మనీలో, లైప్‌జిగ్ అనే ఊళ్ళో. చదువుకునే రోజుల్లో సర్కారు కళ్ళుగప్పి పశ్చిమానికి వచ్చేసింది. తిరిగి వెళ్తే జైలే. వాళ్ళమ్మ అక్కడే ఉండిపోయింది. ఆవిడకి ఫోన్ లేదు. పశ్చిమ బెర్లిన్‌లో ఉన్న ఒక స్నేహితురాలు ఎవరెవరి ద్వారానో కబుర్లు తెలుసుకుని, ఎప్పుడో ఒకసారి మాకు ఫోన్ చేసి చెప్పేది. తూర్పుకీ పశ్చిమానికీ మధ్య బెర్లిన్ ఊళ్ళో గోడ కట్టారని, వాళ్ళమ్మ మొహం చూసి చాలా ఏళ్ళయిందని జర్మనమ్మ చెప్పినప్పుడు తాతకి ఒక పట్టాన అర్థం కాలేదు.

"ఒకే ఊరికి నడాన గోడ కట్టినారా? యాల?"

"జనం పోకుండా, తాతా."

"ముదిగుబ్బ కాడ శెనక్కాయలు ఎండిపోతే జనం బెంగళూరికి పోతారు. ఎవురన్నా ఆపుతారా? పోయేటోళ్ళు పోతారు, వచ్చేటోళ్ళు వస్తారు. ఆ గోడ ఎక్కి దూకితే ఏమైతాది?"

"కాలుస్తారు."

తాత ఆ తర్వాత గోడ గురించి వేళాకోళం చేయలేదు.

ఆ వేసవి అయ్యాక జర్మనీ వార్తలు రోజూ రావడం మొదలైంది. మధ్యాహ్నం రైల్లో వచ్చే ఇంగ్లీషు పేపర్ తీసుకుని షెడ్డులో స్టూలు మీద కూర్చుని తెలుగులో చదివి చెప్పేదాన్ని. తూర్పు జర్మనీ వాళ్ళు సెలవులకని హంగరీ వెళ్ళి, అక్కడ సరిహద్దు తీసేస్తే అటునుంచి అటే పశ్చిమానికి వెళ్ళిపోతున్నారు. ఎంబసీల గోడలెక్కి లోపల దాక్కుంటున్నారు. రైళ్ళలో వెళ్ళిపోతున్నారు. నేతగాళ్ళకి ఇదంతా క్రికెట్ లాగా అయిపోయింది. నేను పేపర్ తీయడం ఆలస్యమైతే, "ఏం పాపా, ఈ పొద్దు రైలు కదిలిందా లేదా?" అని అరిచేవాళ్ళు.

అక్టోబరులో స్నేహితురాలి ఫోన్ వచ్చింది. మగ్గాలు ఆగాయి. జర్మనమ్మ రెండు నిమిషాలు విని రిసీవర్ నా చేతికిచ్చి, గోడకి ఆనుకుని కూర్చుండిపోయింది. లైప్‌జిగ్‌లో ప్రతి సోమవారం జనం కొవ్వొత్తులు పట్టుకుని ఊరేగుతున్నారట. వాళ్ళమ్మ కూడా వెళ్తోందట.

"మా యమ్మకి మోకాళ్ళ నొప్పులు. మెట్లెక్కలేదు," అంది జర్మనమ్మ. "ఊరేగుతాందంట."

"మీ యమ్మ గట్టిదేమ్మా," అన్నాడు తాత.

"కాలిస్తే?"

ఆ ఏడే చైనాలో చదువుకునే పిల్లల మీద కాల్పులు జరిగాయి. అది కూడా నేనే చదివి వినిపించాను.

నెలాఖరుకి దీపావళి వచ్చింది. పొద్దున్నే ఎవరో లక్ష్మీ బాంబు పేలిస్తే జర్మనమ్మ చేతిలో గ్లాసు జారి పడింది. రెండో దానికి మెట్ల మీదే కూర్చుండిపోయింది. తాత అది చూశాడు. ఒక బుట్ట తీసుకుని వీధంతా తిరిగి, చప్పుడు చేసేవన్నీ వసూలు చేసుకొచ్చాడు. కాకరపువ్వొత్తులు, చిచ్చుబుడ్లు మాత్రం వదిలేశాడు. కుర్రాళ్ళు గొడవ చేశారు.

"యాడికీ పోవురా. ఈడనే అటక మింద ఉంటాయి. ఆయమ్మకి మంచి కబురొచ్చినాక కాలుస్తురు, అంతవరకు గమ్మునుండండి."

తర్వాత పది పన్నెండు రోజులకి రేడియోలో చెప్పారు, బెర్లిన్‌లో గోడ దగ్గర గేట్లు తెరిచేశారని. జర్మనమ్మ నమ్మలేదు. పేపర్లో గోడ మీద నిలబడ్డ జనం ఫోటో వచ్చింది. దాన్ని చాలాసేపు చూసి, "మా యమ్మ దీంట్లో లేదు" అంది. ఆ మాటకి నాకు ఏడుపొచ్చింది. నేనేమో ఏడుపొస్తే కోప్పడే రకం. "అంతమందిలో ఎలా కనిపిస్తుంది?" అని కసిరాను.

మర్నాడో ఆ మర్నాడో, మధ్యాహ్నం నేను అన్నం తింటుండగా ఫోన్ మోగింది. ఎంగిలి చెయ్యి ఎత్తిపట్టుకునే వాకిట్లోకొచ్చి అరిచాను. వీధి నిశ్శబ్దమైంది. జర్మనమ్మ మెట్లు దిగొచ్చి రిసీవర్ అందుకుంది.

"ముట్టీ?" అంది.

అవతలి మాట వింది. ఆ తర్వాత పెద్దగా ఏడ్చేసింది.

"అమ్మనే," అన్నాడు తాత గుమ్మంలోంచి. "ఆ మాట ఎవురూ చెప్పబన్లేదు."

ఏడుస్తూనే జర్మనమ్మ మాతో చెప్పింది. వాళ్ళమ్మ రాత్రి రైల్లో బెర్లిన్ వచ్చి, జనంతో పాటు నడిచి గేటు దాటి, స్నేహితురాలి ఇంట్లో ఉంది. ఇప్పుడు బయల్దేరాలి. తిరుగు రైలుకి వేళవుతోంది. సాయంత్రం డ్యూటీ ఉంది.

ఆ కబురు వాకిట్లోకి, అక్కడి నుంచి వీధిలోకి వెళ్ళిపోయింది. మంచి కబురు రావడం, కుర్రాళ్ళు అటక మీద బుట్ట దింపడం, టపాకాయల సరం అంటించడం, అన్నీ ఒక్కసారే జరిగాయి. కొట్టు కిటికీ కిందే పేలింది. సరం అవకముందే ఒక లక్ష్మీ బాంబు.

ఫోన్లోంచి ఆ ముసలావిడ కేక నాకు కూడా వినిపించింది. తర్వాత కర్రుమని, లైన్ పోయింది.

జర్మనమ్మ రిసీవర్‌ని రెండు చేతులతో పట్టుకుని నిలబడిపోయింది. "నన్ను కాల్చినారనుకుండాది," అంది. "ఇట్లనే రైలెక్కి పోతాది. ఇంగ ఫోన్ ల్యా. యట్ల చెప్పేది?"

నేను వీధిలోకి వెళ్ళి నోటికొచ్చినట్టు తిట్టాను. కాసేపు ఆగలేరా, బుద్ధుందా, అవతల మనిషి వింటోందని తెలీదా. కుర్రాళ్ళు తల దించుకున్నారు. తాత మాత్రం, "సంతోషం పట్టలేకపోయినాం పాపా. తిట్టేది తర్వాత తిట్టు, ముందు ఆ ఫోను చూడు" అన్నాడు.

ఎక్స్‌చేంజికి చేశాను. అదే గొంతు. ఎప్పుడూ లేనిది, "అన్నా" అన్నాను.

"ఏమ్మా, ఆడేమన్నా గలాటానా? ఆ సప్పుడేంది?"

"టపాకాయలన్నా. వాళ్ళమ్మ తుపాకీ అనుకుంది. రైలెక్కే లోపల చెప్పాలి. జర్మనీ లైన్ కావాలి, ఇప్పుడే కావాలి."

"ఫోను పెట్టొద్దు. అట్లనే పట్టుకో. మద్రాసుతో మాట్లాడతా."

పట్టుకున్నాను. ఆయన మద్రాసుని బతిమాలడం, వాళ్ళు కుదరదనడం, బొంబాయికి తిరగడం, అక్కడ ఎవరి మీదో హిందీలో గట్టిగా అరవడం వింటూ నిలబడ్డాను. ఆయనకి కూడా నాకున్నంత కోపం ఉందని అప్పుడే తెలిసింది. నా చేతి మీద అన్నం మెతుకులు ఎండిపోయాయి. వీధిలో ఒక్క మగ్గమూ కదల్లేదు. ఎవరూ భోజనానికి కూడా లేవలేదు. జర్మనమ్మ నా భుజం పట్టుకుని ఉంది, నొప్పెట్టేంత గట్టిగా.

"మాట్లాడండమ్మా, బెర్లిన్."

రిసీవర్ ఆమెకిచ్చాను. అవతల ఎత్తింది స్నేహితురాలు. ఆమె కిటికీ తీసి కిందికి కేకేసిందట. ముసలావిడ అప్పటికే వీధిలోకి దిగింది. మోకాళ్ళ నొప్పుల మనిషి ఆ మెట్లన్నీ మళ్ళీ ఎక్కి రావాలి. చివరికి ఆవిడ ఎక్కొచ్చాక జర్మనమ్మ గడగడా ఏదో చెప్పింది, చేతులు తిప్పుతూ, నోటితో "ఠాప్, ఠాప్" అని చేసి చూపిస్తూ. ఆ తర్వాత అవతల నవ్వు. సన్నగా, ఆయాసంతో, దగ్గుతో కలిసిన నవ్వు. నేనెన్నడూ చూడని మనిషి నవ్వు.

"ఏమంటాంది?" అన్నాడు తాత.

జర్మనమ్మ కళ్ళు తుడుచుకుంది. "నా కోసరం కాల్చినారంటే నమ్మల్యా. ఇంగొకటి కాల్చమంటాంది. ఈ తూరి బయపడదంట. రైలు పోతే పోనీ, రేపు ఇంగో రైలొస్తాదంట."

కుర్రాళ్ళు నావైపు చూశారు. "మళ్ళీ నన్నెందుకు చూస్తారు? కాల్చండి!" అని అరిచాను. వైరు సాగినంత దూరం సాగదీసి, రిసీవర్‌ని కిటికీ చువ్వల్లోంచి బయటికి పెట్టాను. బాంబు పేలింది. వీధిలో కాకులన్నీ లేచాయి. రిసీవర్‌లో ముసలావిడ చప్పట్లు కొడుతోంది.

ఆ మధ్యలోంచి ఆపరేటర్ గొంతు వచ్చింది. టైమైపోయిందని లైన్ తీసేస్తాడేమోనని నేను కొట్లాటకి సిద్ధమయ్యాను.

"ఏమ్మా," అన్నాడు, "ఇంగొకటి కాల్చమని చెప్పు. బొంబాయోళ్ళు గూడా ఇంటాండారు."