ఉత్త కుండ రిడిమ్

కింగ్‌స్టన్‌లో మ్యాక్స్‌ఫీల్డ్ వీధి పక్క సందులో ఐసిల్డా దగ్గర జుట్టు సాపు చేయించుకునేవాళ్లు నోరు అదుపులో పెట్టుకోవాలి. కాలే ఇనుప దువ్వెన ఆమె చేతిలో ఉంటుంది మరి.

మెర్డెల్ ఆ సంగతి మరిచిపోయింది. పక్కింటి రేడియోలో బాస్ మొదలవగానే కుర్చీలోనే ఊగుతూ, "అబ్బ, మామిడి దొంగ రిడిమ్!" అంది.

దువ్వెన ఆగింది.

"ఏమన్నావే?"

"అదే అక్కా, విన్‌రాయ్ పాట..."

"పాట వాడిదేలే. రిడిమ్ పేరు ఉత్త కుండ. దానిమీద మొదట పాడింది నేను. అప్పటికి వాడికి ముక్కు తుడుచుకోవడం కూడా రాదు."

"ఊరంతా మామిడి దొంగ అనే అంటోంది కదక్కా."

"ఊరికి చెవుల్లేవు. నీకున్నాయి. కాల్చమంటావా?"

రిడిమ్ అంటే గొంతు లేని డ్రమ్మూ బాసూ వాయింపు. ఒకసారి రికార్డు చేశాక, దానిమీద ఎవరి పాట వారు పాడుకోవచ్చు. అది అక్కడ తప్పు కాదు. ఐసిల్డా కూడా పరాయి రిడిమ్‌లమీద పాడిందే. కానీ జనం నోట ఏ పాట నిలిస్తే రిడిమ్‌కి ఆ పేరే అతుక్కుంటుంది. ఆమె పోరంతా ఆ పేరు కోసమే. బస్సులో, చేపల అంగట్లో ముక్కూమొహం తెలియనివాళ్లను కూడా ఆపి దిద్దేది. విన్‌రాయ్ ఎదురై "బాగున్నావా పిన్నీ" అంటే ఉమ్మేసి రోడ్డు దాటేది.

ఆ ఆదివారం మధ్యాహ్నం మైదానంలో పాటల పెట్టెలు పేర్చారు. రికార్డులు వేసేవాడు కాస్బర్ట్. సూది ఆనగానే బాస్ అరికాళ్లలోంచి పైకి పాకింది. జనం హోరెత్తారు. గొంతు వినపడేదాకా అది ఎవరి పాటో చెప్పలేమని ఐసిల్డాకు తెలియదా? అయినా ఆ హోరు తనకేననుకుని, చేతులెత్తి ముందుకు నడిచింది.

వినపడింది విన్‌రాయ్ గొంతు.

"పిన్నీ, మామిడికాయ కావాలా?" గోడమీదనుంచి విన్‌రాయే అరిచాడు. అందరూ గొల్లుమన్నారు.

ఆమె కాస్బర్ట్ చేతిలోని మైకు లాక్కుంది. "తిప్పి వెయ్యరా. గొంతులేని వైపు."

తగాదా అంటే కాస్బర్ట్‌కీ సరదాయే. వేశాడు. ఆమె తన ఉత్త కుండ ఎత్తుకుంది. ఉత్త కుండను పొయ్యిమీద పెట్టి, అన్నం ఉడుకుతోందని పిల్లల్ని నమ్మించే తల్లి పాట అది. ఆ రోజు ఒక్కో చరణాన్నీ గోడమీదివాడి మొహాన విసిరింది. నవ్వినవాళ్లే కంచె రేకులు దబదబా బాదారు. "మళ్లీ! మళ్లీ!"

గాయకులకు అంతకు మించిన మర్యాద లేదు. కాస్బర్ట్ సూది వెనక్కి లాగాడు. "మన ఐసిల్డక్క! మామిడి దొంగ రిడిమ్‌మీద, ఇంకోసారి!"

"పేరు సరిగ్గా చెప్పు."

"అతుక్కున్న పేరక్కా, నేనేం చెయ్యను? పాడు."

"చెప్పందే పాడను."

బాస్ మొదలైంది. ఆమె పెదవి విప్పలేదు. విన్‌రాయ్ గోడ దిగి వచ్చి చెయ్యి చాచాడు. "ఇటివ్వు పిన్నీ, వృథాగా పోతోంది."

"ముట్టుకున్నావంటే కరుస్తా."

వాడు నవ్వి, మైకు లేకుండానే మామిడి దొంగ పాట ఎత్తుకున్నాడు. ముందువరస అందుకుంది, ఆ వెనక మైదానమంతా. ఐసిల్డా మాత్రం మైకును గుండెకదుముకుని, రిడిమ్ అయిపోయేదాకా వాళ్ల మధ్యే నోరు బిగించుకుని నిలబడింది.